సెక్రటరీ సంతకం

హలో… ఆ, నేనే. జ్ఞానప్రసూననే మాట్లాడుతున్నా. చెప్పండి ఉమామహేశ్వరరావు గారూ.

లేదు, జలుబేం లేదు… గొంతు మామూలుగానే ఉంది… ఓ, అన్నయ్యగారూ అనలేదనా? అంటాను లెండి. ఈ ఫోన్ పెట్టేలోపు అనాలనిపిస్తే అంటాను. ముందు మీరెందుకు చేశారో చెప్పండి.

మా ఆయనా? గరాజ్‌లో ఉన్నారు… ఏం చేస్తున్నారంటే — దాక్కున్నారు. గంట నుంచీ లాన్‌మోవర్ తుడుస్తున్నారు. నిన్న గడ్డి కోసి ఇవాళ మిషన్ తుడిచే మనిషిని పెళ్లయిన పదహారేళ్లలో ఇప్పుడే చూడడం.

పిలవక్కర్లేదు. మీకు కావలసింది గోపాలరావు గారు కాదు, నా సంతకం. అవునా కాదా? … ఒక్క ముక్క చెప్పండి, అవునా కాదా?

ఆ. ఫారం చూశాను. మీరు మా ఆయనకిచ్చి పంపారు, ఆయనకి అడిగే ధైర్యం చాల్లేదు. బ్యాగులో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని ఊరుకున్నారు. డబ్బా కడగడానికి తీస్తే దొరికింది. పెరుగు మరక కూడా అయ్యింది దాని మీద.

"చిన్న ఫార్మాలిటీ"… ఆహా. ఫైజాన్‌ని తీసుకెళ్లి రెడ్‌గమ్ క్లబ్ వాళ్ల చేతిలో పెట్టడం చిన్న ఫార్మాలిటీ!

అరవట్లేదు… అరవట్లేదండీ, నేను మాట్లాడితే ఇలాగే ఉంటుంది. మన టీములో బౌలింగ్ వెయ్యగలిగినవాడు ఒక్కడున్నాడు. ఒకే ఒక్కడు. వాణ్ణి ఇచ్చేస్తామని మీరు చెప్పలేదు, మా ఆయన చెప్పలేదు. కెప్టెన్ ఉపేంద్ర అయితే పొద్దున్న పెండిల్ హిల్ స్టేషన్లో కనబడి "గుడ్ మార్నింగ్ అక్కా" అని పళ్లికిలించి మరీ రైలెక్కాడు.

అబ్బా, కూర్చో. టీ చల్లారిపోతోంది… ఆఁ? మీతో కాదు. ఇక్కడ. మీరు కానివ్వండి.

మీటింగులో అందరూ ఒప్పుకున్నారా? … ఏ మీటింగు? శనివారం మ్యాచ్ అయ్యాక మీ ఇంట్లో జరిగిందే, అదా మీటింగు? … అప్పుడు నేనెక్కడున్నానండీ? … చెప్పండి, ఎక్కడున్నాను? … మీ వంటింట్లో! గోడకి ఇవతల! వదినా నేనూ నించుని మీకు మిరపకాయ బజ్జీలు వేస్తున్నాం. ఒక వాయి అవ్వగానే మీరే వచ్చి "చెల్లెమ్మా, ఇంకో వాయి" అని పళ్లెం పట్టుకెళ్లారు. సెక్రటరీని పొయ్యి దగ్గర నిలబెట్టి, సెక్రటరీ వేసిన బజ్జీలు తింటూ, సెక్రటరీ లేకుండా మీటింగు. బావుందండీ. చాలా బావుంది.

పేరుకే సెక్రటరీని… ఆ, పేరుకే. ఆ పేరుకి ఎలా అయ్యానో గుర్తుందా? తొంభై ఆరులో దక్కన్ లెవెన్ పెట్టినప్పుడు ప్రెసిడెంటు పదవికి నలుగురు లేచారు. మిగతా ముగ్గురి మనసు నొచ్చుకోకూడదని ముగ్గుర్నీ వైస్ ప్రెసిడెంట్లని చేశారు. పదకొండు మంది ఆడే జట్టుకి ఏడుగురు ఆఫీస్ బేరర్లు. సెక్రటరీ ఎవరని అసోసియేషన్ వాళ్లు అడిగితే మాత్రం అందరూ బూట్ల లేసులు చూసుకున్నారు. ఎందుకంటే అది పదవి కాదు, చాకిరీ. ఉత్తరాలు రాయాలి, ఫారాలు నింపాలి. అప్పుడు మీరేగా అన్నది, "మన చెల్లెమ్మ ఎలాగూ స్కోరు రాస్తోందిగా, ఆ పేరు పెట్టేద్దాం" అని. పెట్టారు. పెట్టి మూడేళ్లు మర్చిపోయారు. ఇవాళ అసోసియేషన్ వాళ్లు ఫారం తిప్పి పంపేసరికి గుర్తొచ్చాను.

ప్రెసిడెంటు సంతకం చెల్లదన్నారుగా? … చెల్లదు మరి. ఆటగాడు క్లబ్ మారాలంటే క్లియరెన్స్ ఇవ్వాల్సింది సెక్రటరీ. రూల్సు పుస్తకం మూడో పేజీలో ఉంది. మీరు చదవలేదు. ఎవరూ చదవలేదు.

తెలుసు, రేపు సాయంత్రం ఐదింటికి గడువు. నవంబరు ముప్ఫై దాటితే సీజన్ అయిపోయేదాకా ఎవరూ మారడానికి లేదు. అదీ ఆ పేజీలోనే ఉంది.

సరే, వివరించండి. వింటాను… ఊఁ… ఊఁ… ఏం బిల్డింగు? … రీబిల్డింగా? ఎవరిదండీ ఈ మాట? … ఉపేంద్రదే! అనుకున్నా. షికాగోలో ఆరు నెలలు ప్రాజెక్టు చేసొచ్చినప్పట్నుంచీ ఆ అబ్బాయి నోరు తెరిస్తే బేస్‌బాలే.

అంటే ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పండి… ఊఁ. జట్టు వరసగా ఓడిపోతోంది. మళ్లీ మొదట్నుంచీ కట్టుకోవాలి… ఊఁ. అలాంటప్పుడు ఉన్నవాళ్లలో మంచి పిచ్చర్‌ని — పిచ్చర్ అంటే? … బంతి విసిరేవాడు, మన బౌలర్ లాంటివాడు — వాణ్ణి గిరాకీ ఉన్నప్పుడే అవతలి జట్టుకిచ్చేసి బదులుగా ఇద్దరు కుర్రాళ్లని తెచ్చుకోవాలి. ఎందుకంటే మన జట్టు బాగుపడే నాటికి వాడి చెయ్యి ఎటూ అరిగిపోతుంది. అంతేనా? … ఇది పాత స్కూటర్ అమ్మేవాడి ఆలోచనలా ఉందండీ.

ఎక్సెల్ షీట్ కూడా చేశాడా! రంగులేశాడా? … పచ్చ రంగు ఎవరికి, ఎరుపు ఎవరికి? … మా ఆయనకి ఎరుపు. ఆ ఒక్కటీ సరిగ్గానే వేశాడు.

నేనొకటి అడుగుతాను. అక్కడ ఆ పిచ్చర్‌కి జీతం ఇస్తారా? … ఇస్తారు. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారా? … పెట్టించుకుంటారు. ఫైజాన్‌కి మీరేమిచ్చారు? ఆట మధ్యలో రెండు కమలాపండు ముక్కలు! అవీ నేను కోసినవి! మన మనిషి కదా అని ఆడుతున్నాడు, కాంట్రాక్టు ఉండి కాదు. ఉద్యోగానికి పెట్టుకున్నవాణ్ణి బదిలీ చేసినట్టు చేస్తే ఎలా?

ఇంకోటి. అపూర్వా! … అపూర్వా, ఆ బేస్‌బాల్‌లో పిచ్చర్ ఒక రోజు ఆడితే ఎన్ని రోజులు రెస్ట్ అన్నావు? … వాట్ కాదు, నంబర్ చెప్పు… విన్నారా? ఫోర్ డేస్, అట. నాలుగు రోజులు. మా అమ్మాయి స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, వాళ్ల కోచ్ చెప్పాడట. ఉపేంద్ర షికాగోలో అమ్మకం నేర్చుకొచ్చాడు గానీ రెస్ట్ నేర్చుకురాలేదు. మొన్న శనివారం ఒకే వైపు నుంచి ఇరవై రెండు ఓవర్లు వేయించాడు. వేయించి, ఆ సాయంత్రమే బజ్జీలు తింటూ "చెయ్యి అరిగిపోతుంది, ఇచ్చేద్దాం" అన్నాడు. అరగదీసింది ఎవరండీ?

ఆరు మ్యాచులు ఆడాం, ఆరూ ఓడిపోయాం… నాకు చెప్తున్నారా? రాసింది నేను! … బ్యాటింగ్ లేదు, నిజమే. ఉన్న నలుగురు బ్యాట్స్‌మన్లూ వై టూ కే పని అయిపోవచ్చిందని ఒకడు సింగపూర్, ఒకడు మెల్‌బోర్న్, తలో దిక్కూ పోయారు, అదీ నిజమే. బౌలర్ ఒక్కడుండి ఏం లాభం అంటారు… ఆగండి. స్కోరు పుస్తకం ఇక్కడే ఉంది. చదువుతాను వినండి. అక్టోబరు పదహారు. అవతలివాళ్లు నూట నాలుగుకి ఆలౌట్. ఫైజాన్ ఏడు వికెట్లు. మనం అరవై రెండుకి ఆలౌట్. ఫైజాన్ వల్ల ఓడిపోయామా?

ఇది వినండి. ఈ సీజన్లో ఫైజాన్ బంతులకి మనవాళ్లు వదిలేసిన క్యాచులు — పధ్నాలుగు. ఒక్కో క్యాచ్‌కీ పక్కన చిన్న సున్నా పెట్టుకుంటాను నేను. ఆ పధ్నాలుగులో ఆరు ఎవరివో తెలుసా? లాన్‌మోవర్ తుడుస్తున్న ఆయనవి. ఆరు క్యాచులు జార్చి, ఆ చెయ్యే మీ మీటింగులో "ఇచ్చేద్దాం" అని లేపారు.

ఒక్కసారైనా ఎవర్నైనా ఒక్క మాటన్నాడా ఆ పిల్లవాడు? ఓవర్లన్నీ అయ్యాక నా గొడుగు కిందకొస్తాడు. ఇంకొకడైతే ఎన్ని వికెట్లు, ఎంత యావరేజ్ అంటాడు. ఇతను ఒకటే అడుగుతాడు, "ఆంటీ, వైడ్లు ఎన్ని?" అని. నాలుగు సీజన్లుగా ఆ ఒక్క ప్రశ్నే. ఒకటి ఉందంటే మొహం ముడుచుకుపోతుంది. లేవంటే నవ్వి వెళ్లి వికెట్లు పీకి సంచిలో సర్దుతాడు. పిచ్ మీద చాప చుట్టేదీ అతనే. మీరంతా అప్పటికి కార్లెక్కేసి ఉంటారు.

సరే, ఎవరండీ ఆ వచ్చే ఇద్దరు? ఆ పచ్చ రంగు వాళ్లు… మన తెలుగువాళ్లా? ఓహో. రెడ్‌గమ్‌లో తెలుగువాళ్లు కూడా ఉన్నారా? … రాధాకృష్ణ. ఊఁ. తెలీదు… ఇంకో అతను? … చలపతి?

ఏ చలపతి?

ఆగండాగండి… వెస్ట్‌మీడ్‌లో ఫ్లాట్‌లో ఉంటాడా? బ్యాంకు ప్రాజెక్టులో కాంట్రాక్టరా? … భార్య పేరు శ్యామసుందరి కదూ? … లైన్లోనే ఉండండి. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లొస్తా.

ఆ… వచ్చాను. ఇదుగో, చదువుతాను. "ఫ్రిజ్, సోఫా, వాషింగ్ మెషీన్, మంచి కండిషన్. జనవరి పది లోపు తీసుకెళ్లాలి. దేశం వదిలి వెళ్తున్నాము. చలపతి." కింద ఫోన్ నంబరు. మీ దగ్గరున్న నంబరు చెప్పండి… తొమ్మిది, ఆరు… ఊఁ… ఏడు, రెండు… చివర నాలుగు నాలుగు. అదే! అదే నంబరండీ!

ఎక్కడిదేంటి? హారిస్ పార్క్‌లో నిస్సార్ అహ్మద్ గారి షాపు గోడకి అంటించి ఉంది! బియ్యం తీసుకుంటూ చూశాను, గరాజ్‌లోకి పాత ఫ్రిజ్ ఒకటి కావాలిగా అని చింపుకొచ్చా. ఫోన్ చేస్తే వాళ్లావిడే ఎత్తి సంగతులన్నీ చెప్పింది. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద పెట్టుకున్నా.

అదీ చదువుతాను, తొందరపడకండి. కింద ఇంకో లైనుంది. "మంచం, టీవీ, రాధాకృష్ణ, ఇదే అడ్రసు." ఇద్దరూ ఒకే ఫ్లాటు! ఒకే కంపెనీ! డిసెంబరు ముప్ఫై ఒకటిన కంప్యూటర్లు ఆగకుండా చూడడానికి తెచ్చారు. జనవరి మొదటివారం దాకా ఉంచుకుని, ఇంక దయచేయండన్నారు. వీళ్లని పెట్టి మీరు జట్టు కడతారా? వచ్చే మూడేళ్లకి?

…

ఉపేంద్ర వాళ్ల యావరేజ్ చూశాడు, స్ట్రైక్ రేట్ చూశాడు, వయసు చూశాడు. వీసా ఎప్పటిదాకా అని ఒక్కరికీ అడగాలని తోచలేదు! మీ ఏడుగురిలో ఐదుగురు ఆ వీసాల మీద వచ్చినవాళ్లే! ఎవరైనా కొత్తవాడు కనబడితే "కాంట్రాక్టు ఎన్నాళ్లు?" అని కాఫీ కంటే ముందు అడిగే మనుషులు మీరు! క్రికెట్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయారు. రెడ్‌గమ్ వాళ్లకి తెలుసో తెలీదో నాకు తెలీదు. మీకు మాత్రం తెలియాలిగా.

నవ్వట్లేదు. ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు.

అయినా సరేనా? ఇంకా "అయినా సరే" అంటున్నారా మీరు? … ఎందుకు? … ఏమన్నారు?

మళ్లీ అనండి.

…

ఎటూ వచ్చేవారం నుంచి రంజాను. నెలంతా ఉపవాసాలుంటాడు. ఎలాగూ వెయ్యలేడు. అందుకని ముందే — ఈ మాట ఎవరన్నారు? … మీరు కాదు, సరే. ఉపేంద్రా? … మరి ఎవరు? చెప్పండి, అందరూ ఉన్న మీటింగేగా… ఎందుకు నీళ్లు నములుతారు?

మా ఆయనా?

…

గోపాలరావు గారే అన్నారా ఆ మాట?

… ఒక్క నిమిషం. ఏవండీ! … లోపలికి రాకండి. మీరు అక్కడే ఉండండి. ఆ తలుపు వేసేసుకోండి.

ఊఁ. ఉన్నాను… ఏం లేదు, నేను బానే ఉన్నాను. పుస్తకం తిప్పుతున్నా. పోయినేడు సీజన్… జనవరి తొమ్మిది. రంజాన్ నెలే. జనవరంటే ఇక్కడ నడివేసవి కదా, ఆ రోజు ఎండ ఎంతో మీకు గుర్తుండదు, మీరు రాలేదు, ఎండగా ఉందని. నా పెన్నులో సిరా కారిపోయింది ఆ వేడికి, ఇదుగో పేజీ మీద మరక. పద్దెనిమిది ఓవర్లు, నాలుగు వికెట్లు. జనవరి పదహారు. ఇరవై ఓవర్లు, ఐదు వికెట్లు. వైడ్లు సున్నా. పచ్చి మంచినీళ్లు ముట్టకుండా. డ్రింక్స్ అప్పుడు వీళ్లంతా సీసాలెత్తి తాగుతుంటే దూరంగా వెళ్లి బౌండరీ దగ్గర నించునేవాడు, వీళ్లకి మొహమాటం కలగకూడదని.

ఆ పదహారో తారీకునే మా ఆయనకి నడుం పట్టేసింది. గుర్తుందా? గ్రౌండులో పడుకుండిపోయారు. మీలో ఒక్కరు దింపలేదు, బార్బెక్యూ ఉందని వెళ్లిపోయారు. ఫైజాన్ తన వ్యాను వెనక సీటు వాల్చేసి, ఈయన్ని పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు. భుజం పట్టి మంచం దాకా నడిపించాడు. నేను మంచినీళ్లిస్తే "ఇంకా పావుగంట ఉంది ఆంటీ" అన్నాడు. వాకిట్లో మెట్ల మీద కూర్చున్నాడు ఆ పావుగంటా. వాచీ చూసుకుని, తర్వాత తాగాడు. ఆ మనిషి గురించి ఈ మనిషి అన్న మాట — ఎలాగూ వెయ్యలేడు అని.

నాకు సిగ్గుగా ఉందండీ. నా ఇంట్లో నాకు సిగ్గుగా ఉంది.

… తప్పుగా అనలేదంటారు. మామూలుగా అన్నదే అంటారు. అదే కదా నా బాధ. మామూలుగా అనేశారు. బజ్జీలు తింటూ.

నాకొకటి చెప్పండి. వాణ్ణి అడిగారా?

ఫైజాన్‌ని. ఇంతమంది కూర్చున్నారు, షీట్లు చేశారు, చేతులు లేపారు. వాణ్ణి ఒక్కరైనా అడిగారా? … తర్వాత చెబుదామనుకున్నారు. తర్వాత అంటే ఎప్పుడండీ? మధ్యాహ్నం రెడ్‌గమ్ కెప్టెన్ టైరు మార్చుకోవడానికి ఫైజాన్ పనిచేసే షాపుకే వెళ్లాడు. కారు కింద పడుకుని ఉన్నవాడితో "వెల్కమ్ మేట్, శనివారం కలుద్దాం" అన్నాడు. అదీ అతనికి తెలిసిన తీరు. కారు కింద.

నాకెలా తెలుసా? ఎదురుగా కూర్చుని ఉన్నాడు కాబట్టి!

ఆ, ఇక్కడే. మా డైనింగ్ టేబుల్ దగ్గర. మీరు ఫోన్ చేసేసరికే ఉన్నాడు… టీ తాగమన్నది అతన్నే. మా ఆయన్ననుకున్నారా? మా ఆయనకి టీ కాదు, ఇవాళ అన్నం కూడా లేదు.

ఎందుకొచ్చాడంటే — జెర్సీ ఇవ్వడానికొచ్చాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన టోపీ పెట్టి తెచ్చాడు. "వెళ్లేవాళ్లు సెక్రటరీకి అప్పగించాలి కదా ఆంటీ" అన్నాడు. ఈ క్లబ్‌లో సెక్రటరీ ఎవరో గుర్తున్నది ఒక్కడికే, ఉమామహేశ్వరరావు గారూ. వాణ్ణే మీరు ఇచ్చేస్తున్నారు.

ఇవ్వను. ఫోన్ ఇవ్వను. మీరు ఇప్పుడు సారీ చెప్పి, వాడు "పర్లేదు అంకుల్" అని, అక్కడితో అయిపోతుంది. అంత సులువుగా అవ్వనివ్వను.

వినండి. నేను సంతకం పెట్టను. ఇది ఫైనల్. ఈ ఫారం చింపి ఇప్పుడే చెత్తబుట్టలో వేస్తాను. ఫైజాన్ ఎక్కడికీ వెళ్లడు. శనివారం దక్కన్ లెవెన్ తరఫునే వేస్తాడు, కొత్త బంతితో వేస్తాడు, వచ్చే ఏడు కూడా వేస్తాడు, ఎవరు వెళ్లమంటారో నేనూ చూ —

ఏంటి బాబూ?

… ఉండండి, ఏదో అంటున్నాడు. కాదు కాదు, ఫోన్ పెట్టకండి. ఏంటి ఫైజాన్? గట్టిగా చెప్పు.

…

నేనా?

… నేను… ఊఁ. అవును. నేనూ అడగలేదు.

చెప్పు నాన్నా. చెప్పు, వింటున్నా… ఊఁ… వెళ్లాలనుందా? … నిజంగానా? … నన్ను చూసి చెప్పు, కప్పు చూసి కాదు… ఎప్పట్నుంచీ? … రెండేళ్లా! మరి ఎందుకు — … ఊఁ. … ఊఁ.

…

ఉన్నారా? … వినబడలేదా. వాడు గట్టిగా మాట్లాడడుగా, వినబడదు. నేనే చెప్తాను.

రెండేళ్ల కిందటే రెడ్‌గమ్ వాళ్లు అతన్ని పిలిచారట. వాళ్లది మట్టి పిచ్, పచ్చిక ఉంటుంది, బంతి నిజంగా తిరుగుతుందట. మనలాగ కాంక్రీటు మీద చాప కాదు. అక్కడ బాగా ఆడితే పైవాళ్లు వచ్చి చూస్తారట. వెళ్లాలని ఆశపడ్డాడు. వెళ్లలేదు. ఎందుకో తెలుసా? … తను వెళ్తే మనం పదిమందే మిగులుతాం. టీము మూతపడుతుంది. అందుకని వాళ్లకి వద్దని చెప్పి, మనకి ఆ సంగతే చెప్పకుండా ఊరుకున్నాడు.

చింపుదామని చేతిలోకి తీసుకున్న ఫారం మళ్లీ టేబుల్ మీద పెట్టేశాను.

కోపమా? తగ్గలేదు. మీ మీద రవ్వంత కూడా తగ్గలేదు. ఇప్పుడు నా మీద నాకు కూడా వస్తోంది, అంతే. అరగంట నుంచీ ఎదురుగా కూర్చోబెట్టుకుని వాడి తరఫున అరుస్తున్నా. మీరు ఇచ్చేస్తామన్నారు, నేను ఇవ్వనన్నాను. పెద్ద తేడా ఏముంది? వాడు మధ్యలో టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు.

నేనెందుకు వద్దన్నానో కూడా చెప్పేస్తాను వినండి. వాడు లేకపోతే ఆ పుస్తకంలో రాయడానికి నాకేం ఉంటుంది? మీ సున్నాలా? శనివారం శనివారం ఆ ఎండలో కూర్చుంటున్నది అతని బౌలింగ్ చూడ్డానికే. అది నా స్వార్థం. ఒప్పుకుంటున్నా.

అపూర్వా, పెన్ను తీసుకురా… ఎర్రది కాదు, నల్లది. ఎర్రది వికెట్లకి.

ఆ. పెడుతున్నాను. సంతోషించకండి అప్పుడే. "కారణం" అన్నచోట ఉపేంద్ర ఏదో టైపు చేశాడు — రెండు క్లబ్బుల మధ్య ఆటగాళ్ల మార్పిడి. అది కొట్టేస్తున్నా… కొట్టేశా. పైన రాస్తున్నా, "ఆటగాడి సొంత ఇష్టం మీద". ఇదుగో, కింద సంతకం. జ్ఞానప్రసూన, సెక్రటరీ.

అలా రాస్తే వాళ్లు ఆ ఇద్దర్నీ ఇవ్వక్కర్లేదా? … ఇవ్వక్కర్లేదు! మీరు ఇచ్చింది లేదు, పుచ్చుకునేదీ లేదు. వాడు వెళ్తున్నాడు, తన కాళ్ల మీద తను. ఉపేంద్రకి చెప్పండి. అంతగా కావాలంటే ఆ సోఫా కొనుక్కోమనండి, మంచి కండిషన్ అట.

జెర్సీ నేను తీసుకోవట్లేదు. లేదు ఫైజాన్, తీసుకెళ్లు. వెనక్కి తీసుకోవాలని రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు, నేను చదివాను… తీసుకెళ్లమంటే తీసుకెళ్లాలి. అమ్మకి చెప్పు, ఆంటీ ఇచ్చిందని. ఫారం రేపు పొద్దున్న నేనే వెళ్లి ఇచ్చొస్తా, మా ఆయన టిఫిన్ డబ్బా కింద కాదు.

ఆఁ, ఇంకా లైన్లోనే ఉన్నారా?

ఏంటి? … శనివారమా?

శనివారం బౌలింగ్ ఎవరు వేస్తారని నన్నడుగుతున్నారా?

మీరు వెయ్యండి, అన్నయ్యగారూ. వైడ్లు నేను రాస్తాను.

ఉంటా.